ఒరాంజెరీలో మోనే కలువలు: రెండోసారి వెళ్తేగానీ ఎక్కలేదు

ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పినదాన్ని. పువ్వు కనపడితే ముందు రేకులు లెక్కపెట్టి, ఆ తర్వాతే బాగుందంటాను. అదొక జబ్బని మా వారు అంటారు. ఆ జబ్బుతోనే పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంకి వెళ్ళాను, ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే వేసిన కలువల బొమ్మలు చూడ్డానికి. మొదటిసారి పాతిక నిమిషాల్లో బయటికొచ్చేశాను. రెండోసారి రెండున్నర గంటలు కూర్చున్నాను. మధ్యలో ఏం జరిగిందో చెబితే, వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి వాళ్ళు పారిస్ శివార్లలో ఉంటారు. జులైలో వెళ్ళాం. దిగిన వారానికే అల్లుడు టికెట్లు తీశాడు. ఫోన్‌లో వెతికితే అన్నిటికన్నా పైన కనపడ్డ సైట్‌లో, "క్యూ అక్కర్లేదు" అని రాసి ఉంటే, అసలు ధరకి రెట్టింపు పెట్టి కొన్నాడు పాపం. టికెట్లు ఫోన్‌కి రావు, కాంకోర్డ్ చౌకులో రాతిస్తంభం దగ్గర పచ్చ గొడుగు పట్టుకుని ఒక మనిషి ఉంటాడు, అతను ఇస్తాడన్నారు. ఎండలో నలభై నిమిషాలు నిలబడితే వచ్చాడా గొడుగు మహానుభావుడు. ఆ కంపెనీ పేరు ఇక్కడెందుకులెండి. మ్యూజియం సొంత వెబ్‌సైట్ ఉంది, అందులో టైము ఎంచుకుని కొనుక్కోండి. నేను రెండోసారి అలాగే వెళ్ళాను, 12.50 యూరోలు. పద్దెనిమిది లోపు పిల్లలకి టికెట్ లేదు. మంగళవారం సెలవు.

ఆ ఎండ చిరాకుతోనే లోపలికి అడుగుపెట్టాను. బొమ్మలున్న గదికి ముందు ఏమీ లేని తెల్లటి గది ఒకటి వస్తుంది. గోడల మీద ఏమీ ఉండదు. ఇదేమిటి, ఖాళీగా వదిలేశారు అనుకుంటూ దాటేశాను. అది దాటేసే గది కాదని, బయట రొద చెవుల్లోంచి దిగేదాకా కాసేపు ఆగడానికి మోనే కావాలని అడిగి పెట్టించుకున్నదని తర్వాత తెలిసింది.

అక్కడినుంచి మొదటి గది. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మూలలే లేవు. చుట్టూ గోడంతా నీళ్ళు. నాలుగు బొమ్మలు, ఒక్కోటి రెండు మీటర్ల ఎత్తు, పొడవేమో ఒకటి ఆరు మీటర్లు, ఒకటి ఎనిమిదిన్నర, మిగతా రెండూ పన్నెండు దాటి. అవతల ఇలాంటిదే ఇంకో గది, అందులో ఇంకో నాలుగు. అన్నీ వరసగా పరిస్తే 91 మీటర్లు. వినడానికి బాగుంది. కానీ నా కళ్ళు ఏం వెతుకుతున్నాయి? ఏ జాతి, ఏ రకం, ఆకు అంచు ఎలా ఉంది, రేకు మొన తేలిందా లేదా. దగ్గరికి వెళ్ళి చూశాను. ఏమీ లేదు! గీతలు. పచ్చ మీద ఊదా, ఊదా మీద ఏదో మట్టిరంగు, నడుమ గులాబీ రంగు ముద్ద ఒకటి. అదే పువ్వట. నా క్లాసులో ఎవరైనా రికార్డు బుక్‌లో కలువని ఇలా వేసుంటే "రిపీట్" అని ఎర్రసిరాతో రాసుండేదాన్ని.

పైగా జనం. బొమ్మకి వీపు పెట్టి, ఫోన్ చాచి, నవ్వి, వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మాట్లాడొద్దని రాసి ఉంటుంది, గార్డులు అప్పుడప్పుడు "ష్" అంటారు, రెండు నిమిషాలు తగ్గి మళ్ళీ మొదలు. మా మనవడికి ఏడేళ్ళు. వాడు తల పక్కకి వంచి చూసి చూసి, "అమ్మమ్మా, ఇందులో పైనేది, కిందేది?" అన్నాడు. "కింద నీళ్ళురా, పైన..." అని ఆగిపోయాను. పైన కూడా నీళ్ళే. గట్టు లేదు, ఆకాశం లేదు. మబ్బులున్నాయి కానీ అవి నీళ్ళలో ఉన్నాయి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక "పద, ఐస్‌క్రీం కొంటాను" అని తీసుకొచ్చేశాను. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజు మా అందరిలోనూ ఆ బొమ్మని సరిగ్గా చూసింది వాడొక్కడే.

బయటికొచ్చాక అమ్మాయి అంది, "తామరలు అంత బాగుంటే నీకు నచ్చలేదేంటమ్మా?" తామరలేమిటే, కలువలు. ఇంగ్లీషులో లోటస్ వేరు, వాటర్ లిల్లీ వేరు. తామరాకు నీటిమీద తేలినా, కాడతో పైకి లేచినా, గుండ్రంగా పళ్ళెంలా ఉంటుంది, కాడ సరిగ్గా నడుమ తగులుతుంది. కలువాకు నీటిమీద పరుచుకుని ఉంటుంది, ఒక పక్క కాడ దాకా చీలి ఉంటుంది. మోనే తన బొమ్మలకి పెట్టిన పేరు నింఫియా, అంటే కలువే. అంత గీతల గందరగోళంలోనూ ఆ చీలిక కొన్ని ఆకుల్లో కనిపించింది సుమా. నాకు ఆ మనిషి మీద కొంచెం గౌరవం కలిగింది అక్కడే.

ఇంకో తమాషా. మన కవిత్వంలో కలువకి చంద్రుడితో స్నేహం, తామరకి సూర్యుడితో. చంద్రుణ్ణి కలువలరేడు అన్నది అందుకే. మన చెరువుల్లో రాత్రి విచ్చే తెల్లకలువని చూసి కట్టిన మాట అది. మోనే కలువలు ఆ బాపతు కావు. పొద్దున విచ్చి, మధ్యాహ్నం తిరిగాక ముడుచుకునేవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద అవసరం పడుతుంది.

తర్వాతి వారం జివెర్నీకి వెళ్ళాం. మోనే ఉన్న ఊరు, ఆ చెరువు ఉన్న ఊరు. పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్లో రైలెక్కితే ముప్పావుగంట పైన పడుతుంది, వెర్నాన్‌లో దిగాలి. అక్కణ్ణించి ఇంకో ఐదు కిలోమీటర్లు, రైలు వేళలకి బస్సు ఉంటుంది. తోట ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకానే తెరుస్తారు. ఇక్కడే నా పంతులమ్మ సలహా ఒకటి. ఏప్రిల్‌లో వెళ్ళి కలువలు లేవని ఏడవకండి. ఆ చల్లటి దేశంలో కలువలు పూసేది జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య. చెరువు వంతెన మీద ఊదారంగు విస్టీరియా తీగ పూలగుత్తులు కావాలంటే మే నెల. ఏ నెలైనా పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రం నాలుగింటికి వెళ్తే మొగ్గల్లా ముడుచుకున్న కలువలే కనిపిస్తాయి. మేం పదిన్నరకల్లా చెరువు దగ్గర ఉన్నాం. విచ్చి ఉన్నాయి.

చెరువు చూడగానే నాకు అనిపించింది, ఇంతేనా అని. చుట్టి రావడానికి పది నిమిషాలు పట్టదు. పచ్చరంగు వేసిన చెక్క వంతెన, గట్టున వెదుళ్ళు, నీళ్ళ మీదికి జుట్టు విరబోసుకున్నట్టు వంగిన విల్లో చెట్లు, నడుమ గుంపులు గుంపులుగా ఆకులు. ఆ గుంపులు అలా విడివిడిగా ఉండడం ప్రకృతి పని కాదు. వదిలేస్తే కలువ చెరువంతా కప్పేస్తుంది, నీళ్ళే కనపడవు. ఎవరో రోజూ దిగి కోస్తుంటేనే మధ్యలో నీళ్ళు అద్దంలా మిగులుతాయి. మోనే దగ్గర తోటమాలులు ఆరుగురు ఉండేవారట, అందులో ఒకడి పని కేవలం ఈ చెరువే. పడవలో తిరుగుతూ ఎండిన ఆకులు తీసెయ్యడం, రోడ్డు దుమ్ము పడిన ఆకుల్ని కడగడం. పక్కనే మట్టిరోడ్డు. కార్లు వచ్చిన కొత్త. దుమ్ము భరించలేక ఆ రోడ్డుకి తారు వెయ్యడానికి మోనే తన డబ్బు కూడా ఇచ్చాడంటారు. చెరువు తుడుచుకునే మనిషి! నాకు అప్పుడు అర్థమైంది, ఆయనకి కావలసింది పువ్వులు కావు, పువ్వుల మధ్య మిగిలిన ఆ ఖాళీ నీళ్ళు.

ఆ కలువల కథ కూడా చెప్పాలి, బోటనీ వాళ్ళకి తప్ప ఎవరికీ పట్టదది. ఉత్తర దేశాల చలికి తట్టుకునే కలువ ఒకప్పుడు యూరప్ వాళ్ళకి దాదాపు తెల్లదే. రంగుల కలువలు ఎక్కువగా వేడి దేశాలవి, అక్కడ చలికాలంలో చచ్చిపోయేవి. ఫ్రాన్స్ నైరుతి మూల టెంపుల్-సూర్-లాట్ అనే ఊళ్ళో లాటూర్ మార్లియాక్ అనే నర్సరీ ఆయన, చలికి ఓర్చే రకాలతో రంగుల రకాల్ని సంకరం చేసి, పసుపు, గులాబీ, ఎరుపు కలువలు తయారుచేశాడు. 1889లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో, ఈఫిల్ టవర్ తెరిచిన ప్రదర్శనే, వాటిని పెట్టాడు. నాలుగేళ్ళకి మోనే చెరువు తవ్వాడు, ఆ నర్సరీ నుంచే మొక్కలు తెప్పించాడు. అంటే ఆయన వేసినవి అనాదిగా ఉన్న అడవి పూలు కావు. అప్పుడప్పుడే మార్కెట్లోకి వచ్చిన కొత్త హైబ్రిడ్లు. ఇవాళ మనం కొత్త మోడల్ ఫోన్ కొన్నట్టు.

చెరువు తవ్వడం కూడా తేలిగ్గా కాలేదు. 1883లో అద్దెకి దిగిన ఇల్లు 1890లో 22,000 ఫ్రాంకులకి కొన్నాడు. 1893లో రోడ్డుకి అవతలున్న జాగా కొని, పక్కన పారే ఎప్ట్ నది పాయ నుంచి నీళ్ళు మళ్ళించుకుంటానని అర్జీ పెట్టాడు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. ఆ నీళ్ళలో బట్టలుతుక్కుంటాం, పశువులు తాగుతాయి, ఈయన తెచ్చే పరదేశపు మొక్కలతో నీళ్ళు విషమైపోతాయని గోల. నీళ్ళ తగాదా ఏ ఊళ్ళోనైనా ఒకటే కదా. చివరికి అనుమతి వచ్చింది. వంతెన కట్టించాడు, తర్వాత ఆ చెరువుని ఇంకా పెద్దది చేశాడు, కలువల మీదే దాదాపు 250 బొమ్మలు వేశాడు.

జివెర్నీ ఇంట్లో పసుపు రంగు భోజనాల గది, నీలం పెంకుల వంటిల్లు, గోడల నిండా జపాన్ బొమ్మలు చూడ్డానికి బాగున్నాయి. కానీ అక్కడ ఆయన అసలు బొమ్మలుండవు, కాపీలే. ఈ పెద్ద కలువల కోసమే ప్రత్యేకంగా కట్టించుకున్న స్టూడియో ఇప్పుడు కప్పులు, గొడుగులు, పోస్టుకార్డులు అమ్మే షాపు. మా అమ్మాయి అక్కడ ఒక ఏప్రన్ కొంది. నేనేమో పైకప్పు అద్దాల వంక చూస్తూ నిలబడ్డాను. డెబ్బై దాటిన మనిషి, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, ఫిరంగుల చప్పుడు వినపడే దూరంలో, ఈ షెడ్డులో చక్రాల స్టాండ్ల మీద బొమ్మలు వేసే ఆ గుడ్డలన్నీ చుట్టూ నిలబెట్టుకుని వేశాడు. 1911లో భార్య పోయింది, 1914లో పెద్దకొడుకు పోయాడు. కోడలు బ్లాన్ష్ ఇంట్లో ఉండి ఆయన్ని చూసుకుంది. యుద్ధం ఆగిన మర్నాడు, 1918 నవంబర్ 12న, స్నేహితుడూ దేశ ప్రధానీ అయిన క్లెమన్సోకి ఉత్తరం రాశాడు, రెండు బొమ్మలు దేశానికి ఇస్తానని. ఆ రెండే పెరిగి పెరిగి ఈ రెండు గదులయ్యాయి.

మధ్యలో కళ్ళు పోయాయి. 1912లోనే రెండు కళ్ళల్లో శుక్లాలున్నాయన్నారు. ఆపరేషన్ అంటే భయం. ఎరుపులు బురదలా కనిపిస్తుంటే ట్యూబు మీద పేరు చదివి రంగు తీసుకునేవాడట. క్లెమన్సో చదువుకున్నది డాక్టరీనే, ఆయనే పోరుపెట్టగా 1923లో కుడికంటికి చేయించుకున్నాడు. తర్వాత అంతా నీలంగా కనిపిస్తోందని గొడవ.

ఈ ముక్క చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నిరుడు నాకూ ఆ ఆపరేషనే అయింది. కట్టు విప్పిన మర్నాడు బీరువా తీస్తే, లేత గంధం రంగు అనుకుని ఐదేళ్ళుగా కడుతున్న చీర తెల్లది! ఒక కన్ను మూస్తే గంధం రంగు, ఇంకో కన్ను మూస్తే నీలం కలిసిన తెలుపు. అద్దం ముందు నిలబడి ఆ కన్నూ ఈ కన్నూ మార్చి మార్చి మూసుకుంటుంటే, మా వారు వచ్చి "ఎవరికి కన్ను కొడుతున్నావు?" అన్నారు. రెండో కంటికి ఆపరేషన్ అయ్యేదాకా అలాగే నడిచింది. మోనే రెండో కంటికి చేయించుకోలేదు. ఒక కంటికి పసుపు, ఒక కంటికి నీలం, ఆ రెండింటితో మూడేళ్ళు ఆ బొమ్మల్ని దిద్దుతూనే ఉన్నాడు. ఇస్తానని 1922లో సంతకం పెట్టినవాడు, బతికుండగా ఒక్కటీ ఇంట్లోంచి కదలనివ్వలేదు. 1926 డిసెంబర్ 5న పోయాడు. 1927 మే 17న గదులు తెరిచారు. ఆ గోడల మీద తన బొమ్మలు ఎలా ఉన్నాయో ఆయన చూడనేలేదు.

ఇదంతా బుర్రలో పెట్టుకుని రెండోసారి వెళ్ళాను, ఒక్కదాన్నే. తొమ్మిదింటికి తలుపు తీస్తూనే. ఈసారి తెల్లగదిలో ఆగాను, మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా.

మొదటి గదిలో నాతో కలిపి ఏడుగురం. నడుమ గుండ్రంగా బల్ల ఉంది, దానిమీద కూర్చున్నాను. బయట మబ్బుగా ఉంది. ఈ గదుల్లోకి వెలుతురు పైకప్పు నుంచే వస్తుంది, తెల్లగుడ్డ లాంటి తెరలోంచి వడకట్టుకుని. పగటి వెలుతురే ఉండాలని మోనే షరతు. అయితే 1960ల్లో వేరే బొమ్మలు పెట్టడానికి ఈ గదుల నెత్తిన ఇంకో అంతస్తు కట్టేశారు. నలభై ఏళ్ళు కరెంటు దీపాల కింద చూపించారు, చెరువు మీద స్లాబు వేసినట్టు. 2000 నుంచి 2006 దాకా మూసి, ఆ అంతస్తు తీసేసి, వెలుతురు మళ్ళీ రప్పించారు. గోడకి అతికించిన గుడ్డలు కాబట్టి అప్పుడు బొమ్మల్ని తియ్యలేదు, చుట్టూ పెట్టెలు కట్టి అక్కడే కాపాడారు.

ఆ వెలుతురు ఏం చేస్తుందో పది నిమిషాలు కూర్చుంటేగానీ తెలీదు. నేను కూర్చున్నది "మబ్బులు" అనే బొమ్మ ఎదురుగా. బూడిదరంగులో చప్పగా ఉంది. ఉన్నట్టుండి బయట ఎండ వచ్చినట్టుంది, పైన తెర తెల్లబడింది. బొమ్మలో నడుమనున్న మబ్బు మెల్లగా ముందుకి వచ్చింది. అంతసేపూ లేదనుకున్న గులాబీ రంగు దాని అడుగున వెలిగింది. రెండు అంచుల్లో ఉన్న చెట్ల నీడలు ఇంకా నల్లబడ్డాయి. ఐదు నిమిషాలు కాలేదు, మళ్ళీ మబ్బు, మళ్ళీ చప్పదనం. నా పక్కన కూర్చున్న ముసలాయన నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. చూశావా అన్నట్టు. ఆయన భాష నాకు రాదు. నేనూ తలూపాను.

అప్పుడు లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళి, నా పాత పద్ధతిలోనే ఒక్క పువ్వుని పట్టుకున్నాను. "పచ్చని ప్రతిబింబాలు" అన్న దాంట్లో, దాదాపు నా నడుము ఎత్తులో ఉంది ఆ పువ్వు. రెండు అడుగుల దూరంలో అది పువ్వు కాదు. పసుపు ముద్ద, దానిమీద తెలుపు కలిసిన గులాబీ రంగు నాలుగైదు దెబ్బలు, కుంచె ఎండిపోతుండగా ఈడ్చినట్టు గరుకుగా. అడుగున గుడ్డ నేత కనిపిస్తోంది. ఆకుకి అంచు గీత కూడా లేదు, ఒక ఆకుపచ్చ మెలిక, అంతే. వెనక్కి ఒక్కో అడుగు వేస్తూ లెక్కపెట్టాను. నాలుగో అడుగు దాకా గీతలే. ఆరు దగ్గర ఆకు నీటిమీద పడుకుంది. తొమ్మిదో అడుగులో పువ్వు విచ్చుకుంది, దానికింద నీళ్ళకి లోతు వచ్చింది. పదకొండో అడుగుకి ఎవరినో తొక్కాను, సారీ చెప్పుకున్నాను. మళ్ళీ ముందుకి వెళ్ళాను, మళ్ళీ వెనక్కి. ఆయన స్టూడియోలో అంత దూరం నడిచి చూసుకుంటూ వేశాడా, లేక చెయ్యి చాపినంత దూరంలో గీస్తూనే తొమ్మిది అడుగుల అవతల ఎలా ఉంటుందో ఆయనకి తెలిసిపోయేదా? అదీ ఆ కళ్ళతో! రికార్డు బుక్కులో "రిపీట్" అనే మాట వెనక్కి తీసుకున్నాను.

అన్నీ నచ్చాయని అబద్ధం చెప్పను. అదే గదిలో "సూర్యాస్తమయం" ఉంది, అన్నిటికన్నా చిన్నది, ఆరు మీటర్లది. నీళ్ళ మీద పసుపు మంట. అందరూ దాని ముందే ఫోటోలు దిగుతారు. నాకు మాత్రం అది మిగతావాటితో కలవలేదు. మాట్లాడకుండా కూర్చున్న వాళ్ళ మధ్య ఒకరు గట్టిగా పాట అందుకున్నట్టుంది.

రెండో గది వేరే లోకం. ఇక్కడ విల్లో మానులు వచ్చాయి, నీళ్ళకి అడ్డంగా, మన ముఖం ముందు నిలబడ్డట్టు. "రెండు విల్లోలు" పదిహేడు మీటర్ల పొడవు, గది చివర వంపంతా అదే. ఒక చెట్టు ఈ చివర, ఒకటి ఆ చివర, మధ్యలో నీళ్ళూ మబ్బులూ తప్ప ఏమీ లేవు. తల తిప్పకుండా మొత్తం చూడలేరు. ఫోన్‌లో పట్టదు, అందుకనేనేమో ఇక్కడ ఫోటోలు తక్కువ. ఒక్కో బొమ్మ రెండు మూడు గుడ్డల్ని కలిపి అతికించింది, దీనికి నాలుగు. అతుకులు నిలువుగా సన్నగీతల్లా కనిపిస్తాయి. చూడకపోతే కనపడవు, ఒకసారి చూశాక మాత్రం కళ్ళు వాటి దగ్గరికే పోతాయి. ముందే చెప్పేసి మీక్కూడా ఆ బెడద అంటించాను.

ఎదురుగోడకి "చెట్ల ప్రతిబింబాలు". మొత్తం ఎనిమిదింటిలోనూ నల్లనిది. ముదురు నీలం, ఊదా, దాదాపు రాత్రి. చెట్టు తలకిందులుగా నీళ్ళలో ఉంది, రెండు మూడు పువ్వులు మాత్రం చీకట్లో మిణుకుమంటున్నాయి. అందరూ దానికి వీపు పెట్టి పదిహేడు మీటర్ల బొమ్మకేసి నడుస్తారు. నాకు ఎనిమిదింటిలో ఒకటి ఇంటికి తీసుకుపొమ్మంటే దీన్నే అడుగుతాను. మధ్యాహ్నం తిరిగితే ముడుచుకునే కలువల్ని చీకట్లో విచ్చినట్టు వేశాడు. బోటనీ ప్రకారం తప్పు. మన కవుల ప్రకారం ఒప్పు.

కింది అంతస్తులో రెన్వా, సెజాన్, మొదిల్యానీ, సూటీన్ బొమ్మలున్నాయి, మంచి కలెక్షనే, అదే టికెట్. నేను అరగంటలో తిరిగేశాను. పైన అంత నీళ్ళు చూసి వచ్చాక యాపిల్ పళ్ళ బొమ్మల మీద మనసు నిలవలేదు. అది వాటి తప్పు కాదు. వాటికోసం విడిగా ఇంకో రోజు పెట్టుకోండి, లేదంటే ముందు కిందకి వెళ్ళి తర్వాత పైకి రండి.

జివెర్నీ, ఒరాంజెరీ రెండూ కుదిరేవాళ్ళు జివెర్నీ ముందు చూడండి. మేం తిరగేసి చేశాం. చెరువు ఎంత చిన్నదో కళ్ళతో చూసి వస్తే, ఆ గోడల ముందు నిలబడ్డప్పుడు ఇంత ఎక్కణ్ణించి తెచ్చాడా అని ఆశ్చర్యం వేస్తుంది. ఒక్కటే కుదిరేవాళ్ళు ఒరాంజెరీకే వెళ్ళండి. పొద్దున తొమ్మిదింటి టికెట్ తీసుకోండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, వాళ్ళేం అడుగుతారో వినండి, నాలాగా ఐస్‌క్రీం అని తప్పించుకోకండి. వాన వస్తుందేమో అని మానుకోకండి, ఎండా మబ్బూ కలిసిన రోజైతే ఇంకా నయం. ఆడియో గైడ్ మొదటి గంట వద్దు.

పదకొండున్నరకి మళ్ళీ మొదటి గదిలోకే వచ్చి కూర్చున్నాను. ఫోన్ కొట్టుకుంటోంది. బయటి తెల్లగదిలోకి వచ్చి తీశాను. అల్లుడు. "అత్తయ్యా, బయట కార్లో ఉన్నాం. ఇక్కడ ఆపనివ్వరు, త్వరగా వచ్చేస్తారా?"

"ఒక్క రౌండు తిరిగి రండి బాబూ," అన్నాను. "ఇప్పుడే మబ్బు పట్టింది. అది పోయాక వస్తాను."